అల్జాస్‌లో పాపను రెండు భాషల బడిలో వేశాం: మొదటి కాగితం నుంచి మొదటి ఏడాది చివరి దాకా

మేముండేది ఫ్రాన్స్ తూర్పు అంచున ఉన్న అల్జాస్ ప్రాంతంలో, స్ట్రాస్‌బర్గ్ నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్లో. ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటి జర్మనీలోని కేల్‌లో దిగొచ్చు. ఈ ప్రాంతంలో కొన్ని సర్కారు బడుల్లో వారానికి 24 గంటల చదువుంటే 12 గంటలు ఫ్రెంచ్‌లో, 12 గంటలు జర్మన్‌లో చెబుతారు. మా పాపకు అందులో సీటు కోసం 2023 నవంబర్‌లో తిరగడం మొదలుపెట్టాం. 2024 మే 23న ఖాయమైంది. ఈ 2025 జూన్‌తో మొదటి ఏడాది దాదాపు అయిపోతోంది. కొత్తగా ఇక్కడికి వస్తున్న తెలుగువాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు, అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఆ బడిలో నేర్పేది పుస్తకాల జర్మన్. అల్జాస్ వాళ్ల ఇంటి భాష, వాళ్లు ఎల్సాసిష్ అని పిలుచుకునేది, అది వేరు. ఈ సంగతి మాకు సీటు చేతికొచ్చాకే సరిగ్గా తెలిసింది. ముందే తెలిసినా ఇదే బడిలో వేసేవాళ్లం. కానీ ఎల్సాసిష్ కోసం వేరే దారి ఇంకా ముందే వెతుక్కునేవాళ్లం.

నవంబర్ 2023: దారులు మూడు

బాబు 2017లో, పాప 2021 ఫిబ్రవరిలో పుట్టారు. 2023 ఆగస్టులో హైదరాబాద్ నుంచి వచ్చాం. బాబు సెప్టెంబర్‌లో నేరుగా సేపే, అంటే మన ఒకటో తరగతిలో కూర్చున్నాడు. నవంబర్ 20న మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్ల దగ్గర పాపను చూసి, "ఈ పిల్లను బిలాంగ్‌లో వేస్తున్నారా?" అని అడిగింది. బిలాంగ్ అంటే రెండు భాషల తరగతి. ఆ మాట వినడం అదే మొదటిసారి.

మర్నాడే బడికి వెళ్లి అడిగితే బాబుకు ఇక వీల్లేదన్నారు. ఈ తరగతుల్లోకి మూడేళ్లకు, పోనీ నాలుగేళ్లకు రావాలి. సేపే నుంచి రావాలంటే జర్మన్ వచ్చని పరీక్షలో చూపించాలి. వాడికి మామూలు తరగతిలోని జర్మనే గతి, వారానికి 3 గంటలు. మూడు నెలల క్రితం హైదరాబాద్‌లో సూట్‌కేసులు సర్దుకుంటూ ఎన్నెన్నో ఆరా తీశాం కానీ ఈ ఒక్కటీ అడగాలని తెలియలేదు. ఆ రాత్రి చాలా బాధేసింది. పిల్లలు ఐదేళ్ల లోపు ఉండగా వస్తున్నవాళ్లు మొట్టమొదట దీని గురించే అడగండి.

దారులు మూడని చెప్పాను కదా. మామూలు సర్కారు బడి ఒకటి. సగం సగం చెప్పే సర్కారు తరగతి రెండోది, ఇవి 1992లో మొదలయ్యాయి. వాటికి దారి చూపింది తల్లిదండ్రులే. 1990లో ఏబీసీఎం అనే సంఘం పెట్టుకుని, మరుసటి ఏడాది సొంతంగా తరగతులు తెరిచారు. ఆ సంఘం బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి, మూడో దారి అదే. 2017 నుంచి వాళ్ల చిన్నపిల్లల తరగతులు కొన్నిటిలో రోజంతా జర్మన్, ఎల్సాసిష్‌లే మాట్లాడుతున్నారు. ఎల్సాసిష్ బడిలోనే రావాలనుకునేవాళ్లకు అదే సరైన చోటు. నెలనెలా ఫీజు, ఊరికి అవతలి కొసకు ప్రయాణం కలిపి లెక్కేసుకుని మేము రెండో దారి పట్టాం.

జనవరి నుంచి మార్చి 2024: కాగితాలు

మేరీ అంటే మన మున్సిపల్ ఆఫీసు. బడి అడ్మిషన్ అక్కడే మొదలవుతుంది, హెడ్‌మాస్టర్ దగ్గరికి ఆ తర్వాతే. మా ఊళ్లో అడ్మిషన్లు జనవరి 15న తెరిచారు. అదే రోజు ఆన్‌లైన్‌లో పెట్టాం. అసలు కాగితాలు చూపించడానికి ఫిబ్రవరి 6న రమ్మన్నారు.

అడిగినవి నాలుగే: పుట్టిన సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, టీకాల పుస్తకం, మూడు నెలల లోపు కరెంటు బిల్లు. నాలుగింటిలో మూడు అడ్డం తిరిగాయి.

మొదట బిల్లు. జనవరిలో అప్‌లోడ్ చేసినప్పుడు నవంబర్ 3 నాటి బిల్లు చక్కగా సరిపోయింది. ఫిబ్రవరి 6న కౌంటర్ దగ్గర నిలబడేసరికి దానికి మూడు నెలలు దాటి మూడు రోజులు. వెనక్కి పంపేశారు. కొత్త బిల్లు ఫోన్‌లోనే దించుకోవచ్చు, కానీ వాళ్లకు ప్రింటు కావాలి. దగ్గర్లోని టబాక్, అంటే సిగరెట్లమ్మే కొట్లో ప్రింటు తీయించి, పావుగంటలో పరుగెత్తుకొచ్చాం. వెళ్లే రోజు పొద్దున తీసిన ప్రింటే పట్టుకెళ్లండి.

రెండోది పేరు. తెలుగువాళ్లందరికీ ఎదురయ్యేదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫ్రెంచ్ ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఇంకో గడి ఉంటాయి. పాప సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం పొడిగా, చుక్క పెట్టి ఉంది. పాస్‌పోర్ట్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాప నాన్న సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందు, నా పాస్‌పోర్ట్‌లో పెళ్లికి ముందున్న ఇంటిపేరు. కౌంటర్‌లో ఆవిడ మూడూ పక్కపక్కన పెట్టుకుని, "మీది ఒకే కుటుంబమేనా?" అని అడిగింది. ఆవిడ తప్పేమీ లేదు, కాగితాలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. చివరికి పాస్‌పోర్ట్‌లో ఉన్నదే ప్రమాణం అనుకున్నారు. పొడి అక్షరం, పూర్తి పేరు రెండూ ఒకటేనని ఇద్దరం సంతకం చేసి ఒక ప్రమాణ పత్రం రాసిచ్చాం. ఇక్కడ దాన్ని 'సుర్ లొన్నర్' అంటారు, గౌరవం మీద ఒట్టు అన్నమాట. స్టాంపు పేపరు, నోటరీ ఏమీ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద చేత్తో రాసినా చెల్లుతుంది. సర్టిఫికెట్‌కు కోర్టు గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత ఫ్రెంచ్ తర్జుమా కావాలి. మాకు 45 యూరోలు, ఎనిమిది రోజులు పట్టింది. సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు ఉంది కదా అంటే కుదరలేదు.

మూడోది టీకాలు. 2018 నుంచి పుట్టిన పిల్లలకు ఫ్రాన్స్‌లో అప్పట్లో, అంటే 2024లో, 11 టీకాలు తప్పనిసరి. పాప హైదరాబాద్ కార్డులో పదిటికి లెక్క కుదిరింది. మెనింజోకోకస్ సి అనేది మన సర్కారు జాబితాలో లేదు, మాకు వేయలేదు. గాభరా పడనక్కర్లేదు. టీకా మిగిలి ఉన్నా పిల్లను తాత్కాలికంగా చేర్చుకుని మూడు నెలల గడువిస్తారు. తల్లీబిడ్డల సర్కారు క్లినిక్ ఉంటుంది, పేయెమ్మీ అంటారు. అక్కడి డాక్టరు మన కార్డు చూసి తేదీలన్నీ ఫ్రెంచ్ ఆరోగ్య పుస్తకంలోకి ఎక్కించి, టీకా ఉచితంగా వేసింది. అపాయింట్‌మెంట్‌కు మాత్రం 19 రోజులు ఆగాం.

మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇక్కడ ఖర్చు తక్కువే పడుతుంది. అల్జాస్, పక్కనున్న మోజెల్ ప్రాంతాల్లో జర్మన్ పాలన నాటి నుంచి వస్తున్న ఆరోగ్య బీమా అదనంగా ఉంది. డాక్టరు ఫీజులో మిగతా ఫ్రాన్స్‌లో 70 శాతం వెనక్కి ఇస్తే ఇక్కడ 90 శాతం ఇస్తారు. దాని కోసం జీతంలో 1.30 శాతం కోస్తారు. పే స్లిప్‌లో ఆ గీత చూసి తప్పు పడిందని ఆఫీసులో గొడవపడకండి.

ఫిబ్రవరి 24 నుంచి మార్చి 11 దాకా బడి సెలవులు, ఫైలు కదల్లేదు. మార్చి 21న ఉత్తరం వచ్చింది. వెయిటింగ్ లిస్టులో 4.

మార్చి 28న, గురువారం సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు గుడ్ ఫ్రైడే. ఫ్రాన్స్ అంతటా ఆ రోజు పనిదినం, పారిస్‌లో ఉన్న మా వారి ఆఫీసు నడుస్తోంది. ఇక్కడ మాత్రం సెలవు. 1892 నాటి జర్మన్ ఉత్తర్వు ఇప్పటికీ అమల్లో ఉంది. డిసెంబర్ 26 కూడా అంతే. సోమవారం ఈస్టర్ సెలవు. ఏప్రిల్ 2న మాట్లాడితే, "మే దాకా ఆగండి, ఇళ్లు మారేవాళ్లు ఉంటారు" అన్నారు.

మే దాకా ఆగాం. నిజం చెప్పాలంటే కాగితాలకన్నా ఈ తొమ్మిది వారాలే ఎక్కువ బాధపెట్టాయి. మా పేటకు కేటాయించిన బడిలో బిలాంగ్ లేదు, అది 2.3 కిలోమీటర్ల దూరంలో ఇంకో బడిలో ఉంది. ఆ పేట పిల్లలకే మొదటి హక్కు. ఆఫీసులో తెలిసినాయన ఒకరు, "ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచ్, పైన జర్మన్ కూడానా? పిల్ల మాటలే ఆగిపోతాయి" అన్నారు. మన చుట్టాల్లోనూ ఇదే మాట. వినీ వినీ నాకే అనుమానం పట్టుకుంది. మే 23న, "సీటు ఉంది, 48 గంటల్లో ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పెట్టండి" అని వచ్చింది. ఐదు నిమిషాల్లో పెట్టాను.

జూన్ 13న హెడ్‌మిస్ట్రెస్‌ను కలిశాం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో ఏ భాషలో తిడతారు, ఏ భాషలో జోకొడతారు అని. రెండూ తెలుగులోనే అన్నాను. "అయితే అలాగే ఉంచండి. దయచేసి ఇంట్లో జర్మన్ మొదలుపెట్టకండి, మీ ఫ్రెంచ్ కూడా పిల్లకు నేర్పకండి" అంది. అప్పటిదాకా యాప్‌లో జర్మన్ మాటలు బట్టీ పట్టిస్తున్నాను, ఆ రోజే ఆపేశాను. మధ్యాహ్నం కూడా డైపర్ లేకుండా ఉండగలగాలని, ఎలాస్టిక్ ఉన్న ప్యాంట్లే వేయాలని, ఇంటి లోపలి చెప్పులు ఒక జత, మార్చుకోవడానికి బట్టలు, నిద్రకు ఒక బొమ్మ తేవాలని చీటీ ఇచ్చారు. ఫీజు లేదు. బడి బీమా ఏడాదికి 13 యూరోలు, తరగతి నిధికి 20. క్యాంటీన్ ధర ఇంటి ఆదాయాన్ని బట్టి ఉంటుంది. మాంసం లేని పళ్లెం కావాలంటే జూన్‌లోనే టిక్కు పెట్టాలి, సెప్టెంబర్‌లో అడిగితే వినరు.

బాబు ఫారంలో ఒక వింత గడి ఉంది: మతబోధ. ఫ్రాన్స్‌లో ప్రభుత్వాన్నీ మతాన్నీ విడదీసిన 1905 చట్టం వచ్చేసరికి అల్జాస్ జర్మనీలో ఉంది. తిరిగి ఫ్రాన్స్‌లో కలిశాక కూడా పాత ఏర్పాటే ఉంచుకున్నారు. అందుకే ఇక్కడ సర్కారు ప్రాథమిక బడిలో వారానికి ఒక గంట కేథలిక్, ప్రొటెస్టెంట్ లేదా యూదు పాఠం ఉంటుంది. వద్దంటే వద్దని రాసివ్వొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు, కారణం కూడా అడగరు. చిన్నపిల్లల మాటెర్నెల్‌లో ఈ పాఠం ఉండదు.

సెప్టెంబర్ 2024: రెండు రోజులు ఒకావిడ, రెండు రోజులు ఇంకొకావిడ

2024 సెప్టెంబర్ 2 సోమవారం బడులు తెరిచారు. చిన్న పిల్లలను ఒకేసారి రానివ్వరు. పాపకు మంగళవారం పొద్దున ఒంటిపూట, గురువారం ఒంటిపూట, వచ్చే వారం నుంచి పూర్తిగా. ఆఫీసులో ఆ వారం సెలవు పెట్టుకోవాల్సిందే. పెద్దవాడి బడి 8:20కి, పాపది 8:30కి. మధ్యలో 2.3 కిలోమీటర్లు. ట్రామ్‌తో కుదరదు. 150 యూరోలకు సెకండ్ హ్యాండ్ సైకిల్ ట్రాలీ కొన్నాం. ఈ ఏడాది మొత్తంలో బాగా పనికొచ్చిన ఖర్చు అదే.

సోమ, మంగళ వారాలు ఫ్రెంచ్ టీచరు. గురు, శుక్ర వారాలు జర్మన్ టీచరు. బుధవారం బడి లేదు. జర్మన్ రోజుల్లో తలుపుకు పసుపు రంగు సూర్యుడి బొమ్మ తగిలిస్తారు, అది చూసి పిల్లలకు ఏ రోజో తెలుస్తుంది. ఒక మనిషికి ఒకే భాష అనేది నియమం. జర్మన్ టీచరుకు ఫ్రెంచ్ బాగా వచ్చు, కానీ పిల్లల ముందు ఒక్క ముక్క మాట్లాడదు. పిల్ల ఏడ్చినా జర్మన్‌లోనే ఊరుకోబెడుతుంది. మొదటి రెండు వారాలు పాప జర్మన్ రోజున గేటు దగ్గర నా చున్నీ పట్టుకుని వదిలేది కాదు. టీచరు నచ్చకపోవడం వల్ల కాదు. ఫ్రెంచ్ కాస్త చెవిన పడి ఉంది, ఇది అసలు పడలేదు. మూడో వారంలో తగ్గింది.

తర్వాత నాలుగు నెలలు బడిలో దాదాపు మౌనం. దీనికి సిద్ధంగా ఉండండి. చెప్పింది అర్థం చేసుకుంటుంది, చెప్పులు వేసుకోమంటే వేసుకుంటుంది, పాటకు చేతులు ఆడిస్తుంది, నోరు మాత్రం విప్పదు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంటే భయపడాల్సింది లేదని టీచర్లిద్దరూ చెప్పారు. నవంబర్ చివర్లో ఒక రోజు పప్పన్నం తినేసి, గిన్నె తోసి, "ఫెర్టిష్!" అంది. అయిపోయింది అని. ఇంట్లో మేము విన్న మొదటి జర్మన్ మాట అదే.

ఎల్సాసిష్ ఎక్కడ వినపడింది

టీచర్లతో కాదు. ప్రతి చిన్నపిల్లల తరగతిలో ఒక సహాయకురాలు ఉంటుంది, అత్సెమ్ అంటారు. మా తరగతి అత్సెమ్‌కు యాభై దాటాయి. పిల్లలతో ఫ్రెంచే మాట్లాడుతుంది. కానీ బూటు లేసు కట్టడం అయ్యాక "హోప్లా!" అంటుంది. పక్క తరగతి అత్సెమ్‌తో వరండాలో గొంతు తగ్గించి వేరే భాష మాట్లాడుతుంది. అది జర్మన్ కాదని నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే అప్పటికే కింది అంతస్తు పెద్దావిడ దగ్గర వింటున్నాను.

ఆ పెద్దావిడను మొదట అడిగినప్పుడు, "అది భాషేంటమ్మా, ఊరి మాట. నీకెందుకు, జర్మన్ నేర్చుకో" అంది. మొహమాటం కాదు, చిన్నప్పటి నుంచి ఆమెకు అలా చెప్పారు. ఈ ప్రాంతం చేతులు మారుతూనే ఉంది: 1871లో జర్మనీ, 1918లో ఫ్రాన్స్, 1940లో మళ్లీ జర్మనీ, 1945కల్లా మళ్లీ ఫ్రాన్స్. 1942 ఆగస్టు నుంచి ఇక్కడి కుర్రాళ్లను బలవంతంగా జర్మన్ సైన్యంలోకి లాగారు, మోజెల్‌తో కలిపి సుమారు లక్షా ముప్పై వేల మందిని. ఇష్టం లేకుండా పోయినవాళ్లని, 'మాల్‌గ్రే నూ' అంటారు. ఆవిడ మేనమామ తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక ఈ మాట నోట్లో ఉండటమే సిగ్గయింది. ఫ్రెంచ్‌లో మాట్లాడటమే నాజూకు అని గోడల మీద పోస్టర్లు వేశారు, ప్రాథమిక బడుల్లో జర్మన్ తీసేశారు. ఆటస్థలంలో ఎల్సాసిష్ మాట్లాడితే ఆవిడకు ఇంపోజిషన్ రాయించేవారట. అందుకే తన ఇద్దరు కొడుకులతో ఫ్రెంచే మాట్లాడింది. కొడుకులకు అర్థమవుతుంది, మాట్లాడరు. మనవలకు అర్థమే కాదు. 2012లో చేసిన సర్వేలో అరవై దాటినవాళ్లలో 74 శాతం ఈ భాష వచ్చన్నారు, మూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 3 శాతానికే వచ్చు. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది ఈవిడ ఇల్లే. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడిలో చదివిన నాకు ఆవిడ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

బుధవారాలు బడి లేదు కాబట్టి, సెప్టెంబర్ నుంచి ప్రతి బుధవారం మూడింటికి పాపను తీసుకుని కిందికి, ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్తున్నాను. డబ్బు తీసుకోదు. నేను పులిహోర, సున్నుండలు పట్టుకెళ్తాను. నాకు విడిగా సాయంత్రం ఎల్సాసిష్ క్లాసు కూడా ఉంది, 25 తరగతులకు 160 యూరోలు. క్లాసులో వ్యాకరణం వచ్చింది, మాట మాత్రం ఆవిడ వంటింట్లోనే వచ్చింది.

జర్మన్ కొంచెం తెలిసినవాళ్లకు ఒక తాళం చెవి ఇస్తాను. జర్మన్‌లో 'ఔ' ఉన్నచోట ఇక్కడ 'ఊ', 'ఈ'లకు మధ్య శబ్దం వస్తుంది: ఇల్లు 'హౌస్' కాదు 'హ్యూస్', ఎలుక 'మౌస్' కాదు 'మ్యూస్'. నాలుక 'ఈ' అనేటప్పుడు ఉన్నచోటే ఉంచి, పెదాలను 'ఊ' అన్నట్టు చుట్టాలి. 'ఐ' ఉన్నచోట 'ఈ' లాంటిది వస్తుంది: కాలం 'ట్సైట్' కాదు 'ట్సీట్'. నిజానికి పాత రూపానికి దగ్గరగా ఉన్నది ఎల్సాసిష్, ఎక్కువ మారింది జర్మన్. ఇది తెలిశాక సగం మాటలు వాటంతటవే విప్పుకున్నాయి. కానీ అన్నీ అలా కుదరవు. 'ష్ముత్స్' అంటే జర్మన్‌లో మురికి, ఎల్సాసిష్‌లో ముద్దు. పెద్దావిడ పాప బుగ్గ చూపించి ష్ముత్స్ అడిగితే, బడిలో జర్మన్ నేర్చిన నా కూతురు పరుగెత్తి చేతులు కడుక్కుని వచ్చింది.

బంగాళదుంప దగ్గర ఒక బుధవారం మొత్తం గడిచిపోయింది. బడి జర్మన్‌లో 'కార్టోఫెల్'. పెద్దావిడకు 'గ్రుంబేర', నేల బేరిపండు అని అర్థం. ఆవిడ భర్త దక్షిణాన సుండ్‌గావ్ వైపు మనిషి, ఆయన 'హార్డేప్ఫెల్' అనేవాడట, నేల ఆపిల్ అని. ఫ్రెంచ్‌లో కూడా దాన్ని నేల ఆపిల్ అనే అంటారు. "మా దగ్గరా అంతే, మేము ఆలుగడ్డ అంటాం, కోస్తా వాళ్లు బంగాళదుంప అంటారు, సీమలో ఉర్లగడ్డ" అని చెబితే ఆవిడ మూడూ కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించింది. తన మాటను ఊరి మాట అని తీసిపారేయడం ఆవిడ ఆ రోజు నుంచే తగ్గించింది.

బజార్లో మాట్లాడాలంటే ఇంకో చిక్కు ఉంది. మన ముఖం చూడగానే అందరూ ఫ్రెంచ్‌లోకి మారిపోతారు. మర్యాద కోసమే మారతారు. నేను శనివారం సంతలో కూరగాయల ముసలాయనతో ముందే "బోన్జూర్ బిసామె" అంటాను. మొదటి ముక్క ఫ్రెంచ్, రెండోది ఎల్సాసిష్, అందరికీ కలిపి నమస్కారం. ఇలా కలిపి మాట్లాడటం తప్పు కాదు, వాళ్ల తీరే అది. తర్వాత "రెడ్డె సి ఎల్సాసిష్?" అని అడుగుతాను, మాట్లాడతారా అని. సాధారణంగా ఒక క్షణం ఆగి, నవ్వి, మొదలుపెడతారు. కొనడం అయ్యాక "మెర్సీ ఫీల్‌మోల్స్". నాలుగు వారాలు అడిగితే ఐదో వారం వాళ్లే మొదలుపెట్టారు. టీవీలో ఫ్రాన్స్ 3 అల్జాస్ వాళ్ల 'రుండ్ ఉమ్' కార్యక్రమం ఎల్సాసిష్‌లోనే ఉంటుంది, కింద ఫ్రెంచ్ అక్షరాలు పడతాయి. చెవి అలవాటుకు అది మంచిది.

డిసెంబర్: బ్రెడెలే

డిసెంబర్ 6న సెయింట్ నికొలాస్ పండుగ. ముందు వారం చీటీ వచ్చింది, ప్రతి ఇంటి నుంచి ఒక డబ్బా బ్రెడెలే పంపమని. ఇవి పండుగకు చేసే చిన్న బిస్కెట్లు, రకాలు లెక్కలేనన్ని. పెద్దావిడ అనిస్ బ్రెడెలే నేర్పింది. మూడు గుడ్లు, 250 గ్రాముల చక్కెర కలిపి పదిహేను నిమిషాలు గిలకొట్టాలి, తెల్లగా నురగలా రావాలి. 280 గ్రాముల మైదా, ఒక చెంచా అనిస్ గింజలు వేసి మెల్లగా కలపాలి. వెన్న లేదు. అనిస్ మన సోంపు కాదు, అంతకన్నా సన్నటి గింజ. పళ్లెం మీద చిన్న చిన్న బొట్లుగా పెట్టి రాత్రంతా, కనీసం 12 గంటలు ఆరనివ్వాలి. పైన పొర కట్టాలి. అప్పుడు 160 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు కాలిస్తే, ఎండిన పొర టోపీలా పైకి లేచి కింద ఒక అంచు వస్తుంది. ఆ అంచు ఉంటేనే వచ్చినట్టు.

మా మొదటి పళ్లానికి అంచు రాలేదు, చపాతీల్లా పరుచుకున్నాయి. కారణం పెద్దావిడ మా వంటింట్లోకి రాగానే చెప్పింది: పక్కనే రైస్ కుక్కర్. అన్నం ఆవిరికి పొర ఎండలేదు. రెండోసారి పళ్లెం పడగ్గదిలో అల్మారా మీద పెట్టి తలుపు వేశాం. 40లో 36 బాగా వచ్చాయి. బడిలో ఆ రోజు మానెలే కూడా పెట్టారు, మనిషి ఆకారంలో చేసిన తియ్యటి బన్ను, వేడి చాక్లెట్‌తో. నికొలాస్ వెంట అల్లరి పిల్లలను భయపెట్టే హాన్స్ ట్రాప్ కూడా వస్తాడు. గడ్డం, గొలుసులు. మా పాప వారం రోజులు ఒక్కతే బాత్రూంకు వెళ్లలేదు. మీ పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

జనవరి నుంచి: టీచరు లేదు

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది. 2025 జనవరి 13న జర్మన్ టీచరు సెలవు మీద వెళ్లింది. బదులు మనిషి రాలేదు. జర్మన్‌లో పాఠం చెప్పగలిగేవాళ్లు తక్కువ, ఈ ప్రాంతమంతటా ఉన్న కొరత. గురు, శుక్ర వారాల్లో పిల్లలను మిగతా తరగతుల్లో సర్దారు, అంటే మొత్తం ఫ్రెంచే. తలుపు మీద పసుపు సూర్యుడు లేడు. పాప రెండు వారాలు గురువారం పొద్దున వెతికి, తర్వాత మానేసింది. తల్లిదండ్రులం 31 మంది సంతకాలతో విద్యాశాఖకు ఉత్తరం రాశాం. జవాబు 24 రోజులకు వచ్చింది. మార్చి 24న కాంట్రాక్టు టీచరు వచ్చింది, కేల్ నుంచి రోజూ ట్రామ్‌లో వస్తుంది. సెలవులు తీసేసినా ఎనిమిది వారాల జర్మన్ పోయింది. బడి ఎంచుకునేటప్పుడు "గత ఏడాది జర్మన్ టీచరు లేని వారాలు ఎన్ని?" అని మొహమాటపడకుండా అడగండి.

ఆ ఎనిమిది వారాల్లో పాపకు జర్మన్ పూర్తిగా జారిపోలేదంటే బుధవారాల వల్లే. ఎల్సాసిష్ వింటున్న చెవికి జర్మన్ దూరం కాదు. కొత్త టీచరు మొదటి వారమే నన్ను పిలిచి, ఈ పిల్ల ఐదు వేళ్లు లెక్కపెడుతూ మూడు దగ్గర 'ద్రై' అనకుండా 'ద్రేయ్' అంటోంది, ఎక్కడ నేర్చుకుందని అడిగింది. కింది అంతస్తులో అని చెప్పాను. సరిదిద్దమంటారా అంటే, వద్దు, రెండూ ఉండనివ్వండి అన్నాను.

ఇప్పుడు 2025 జూన్. పాప ఫ్రెంచ్ వాక్యాలు మాట్లాడుతోంది, జర్మన్ అర్థం చేసుకుని రెండు మూడు మాటల్లో జవాబిస్తోంది, గొడవ పెట్టుకునేది మాత్రం తెలుగులోనే. బాబు బుధవారాలు మాతో కిందికి వస్తున్నాడు, పెద్దావిడ వాడికి పేకాట నేర్పుతోంది, లెక్కంతా ఎల్సాసిష్‌లోనే. పాపకు వచ్చే ఏడాది మళ్లీ అప్లికేషన్ అక్కర్లేదు, సీటు దానంతటదే కొనసాగుతుంది. కరెంటు బిల్లు మాత్రం కొత్తది అడిగారు. జూన్ 20న ఇచ్చొచ్చాం. సెప్టెంబర్‌లో జర్మన్ టీచరు ఎవరన్నది ఇంకా ఖాయం కాలేదట, ఆగస్టు చివర్లో గేటుకు జాబితా అంటిస్తారు.